రోమ్–పర్షియా యుద్ధాలు: 700 ఏళ్ల గొడవని తికమక పడకుండా చదవడం ఎలా

క్రీ.పూ. 53లో కారే అనే ఊరి దగ్గర రోమన్ సేనాపతి క్రాసస్ సైన్యం తుడిచిపెట్టుకుపోయిన దగ్గర్నుంచి క్రీ.శ. 628లో పర్షియా రాజు రెండో ఖుస్రోని సొంత కొడుకే గద్దె దించేదాకా లెక్కేస్తే 680 ఏళ్లు. దీన్ని మొదటి నుంచి వరసగా చదువుదామని కూర్చుంటే ఏమవుతుందో చెప్తాను: ఒక రోమన్ చక్రవర్తి యూఫ్రటీస్ నది దాటి పర్షియా రాజధాని టెసిఫోన్ దోచుకుని వెనక్కి వస్తాడు, కొన్నాళ్లకి ఒక షా (పర్షియా రాజు) అదే యూఫ్రటీస్ అటు నుంచి ఇటు దాటి రోమన్ల పెద్ద నగరం అంటియోక్ దోచుకుని వెళ్లిపోతాడు, మళ్లీ ఇంకో చక్రవర్తి బయల్దేరతాడు. నాలుగో రౌండుకి ఎవరు ఎవరో గుర్తుండదు. టెసిఫోన్‌ని రోమన్లు 116లో, 165లో, 198లో, 283లో పట్టుకున్నారు. ఒక్కసారి కూడా నిలబెట్టుకోలేదు. ఇలాంటి కథని "ఎవరు గెలిచారు" అన్న కోణంలో చదివితే విసుగు తప్ప ఏమీ మిగలదు.

అందుకే నేను చెప్పే పద్ధతి వేరు. సేనాపతుల్ని, యుద్ధాల్ని కాసేపు పక్కన పెట్టండి. ఒక ఊరిని పట్టుకోండి, కొన్ని ఒప్పందాల్ని పట్టుకోండి. యుద్ధాలు వాటి చుట్టూ వాటంతటవే సర్దుకుంటాయి.

ముందు మ్యాప్, అదీ చేత్తో గీసింది

రెడీమేడ్ మ్యాపులు వద్దు. వాటిలో రెండు సామ్రాజ్యాలకీ రెండు రంగులు నింపేసి ఉంటాయి, చూస్తే రెండు పెద్ద దేశాలు వేల కిలోమీటర్ల పొడవునా కొట్టుకున్నట్టు అనిపిస్తుంది. నిజానికి గొడవంతా ఒక చిన్న ముక్క మీదే. ఒక తెల్ల కాగితం తీసుకుని యూఫ్రటీస్, టైగ్రిస్ గీయండి. రెండూ పైన ఆర్మీనియా కొండల్లో పుట్టి కిందికి దిగి పర్షియన్ గల్ఫ్ వైపు పోతాయి. ఎడమ పక్కన మధ్యధరా సముద్రం, దానికి దగ్గర్లో అంటియోక్. రెండు నదుల మధ్య పై భాగంలో ఎడెస్సా (ఇప్పటి ఉర్ఫా), దాని కింద కారే (హర్రాన్), టైగ్రిస్ ఎగువన అమిదా (దియార్‌బకిర్), వీటికి తూర్పున నిసిబిస్ (నుసైబిన్). ఇవన్నీ ఇప్పటి టర్కీలోనే ఉన్నాయి. టైగ్రిస్ దిగువన, ఇప్పటి బాగ్దాద్‌కి కాస్త దక్షిణంగా టెసిఫోన్. యూఫ్రటీస్‌కి నైరుతి వైపంతా ఎడారి, అక్కడ "ఎడారి" అని రాసి వదిలేయండి.

ఇప్పుడు వేల మంది మనుషులకి, గుర్రాలకి, సామాను మోసే పశువులకి నీళ్లూ మేతా దొరకాలంటే ఎటు వెళ్లాలో చూడండి. మూడే దారులు కనిపిస్తాయి. పైన ఆర్మీనియా కొండల మీదుగా ఒకటి, మధ్యలో నిసిబిస్ మైదానం గుండా ఒకటి, యూఫ్రటీస్ ఒడ్డు వెంట ఒకటి. 700 ఏళ్లలో జరిగిన ప్రతి పెద్ద దండయాత్రనీ ఈ మూడింటిలో ఏదో ఒక దారిలో పెట్టొచ్చు. రోమన్ నాయకుడు ఆంటోనీ క్రీ.పూ. 36లో పై దారి పట్టాడు, ముట్టడి యంత్రాలు బరువని వెనకాల వదిలేసి తను ముందుకి పోయాడు, పార్థియన్లు (అప్పటి పర్షియా పాలకులు) వెనకాల వాటిని తగలబెట్టేశారు, చలికాలంలో కొండల మీదుగా వెనక్కి వస్తూ వేలమందిని పోగొట్టుకున్నాడు. క్రాసస్‌కి ఆర్మీనియా రాజు "కొండల మీదుగా రండి, నా గుర్రపు దళం కూడా ఇస్తాను, అక్కడ వాళ్ల గుర్రాలు ఆడవు" అని చెప్పాడు, ఆయన వినకుండా మైదానం పట్టాడు. చక్రవర్తి జూలియన్ 363లో వెయ్యికి పైగా పడవలతో యూఫ్రటీస్ వెంట దిగాడు.

ఈ లెక్క అర్థమైతే 531లో పర్షియన్లు చేసిన పని ఎందుకంత కంగారు పుట్టించిందో కూడా తెలుస్తుంది. ఎప్పుడూ నిసిబిస్ వైపు నుంచి వచ్చేవాళ్లు ఆ ఏడాది తమ అరబ్ మిత్రుడు అల్ ముందిర్‌ని వెంటబెట్టుకుని యూఫ్రటీస్ దక్షిణపు ఒడ్డు వెంట, ఎడారి అంచునే వచ్చారు. కాలినికమ్ అనే ఊరి దగ్గర రోమన్ సేనాపతి బెలిసారియస్ ఓడిపోయింది అప్పుడే.

ఎదుటివాడు ఒకడు కాదు

ఇది గుర్తు పెట్టుకోకపోతే సగం విషయాలు తలకిందులవుతాయి. 224 దాకా రోమ్‌కి ఎదురున్నది అర్సాసిడ్ వంశం పార్థియన్లు. పెద్ద పెద్ద కుటుంబాలు తమ సొంత సైన్యాలతో వచ్చి రాజు పక్కన నిలబడే ఏర్పాటు వాళ్లది. మైదానంలో గుర్రాల మీద వాళ్లని ఎదుర్కోవడం నరకం, కానీ కోటలు పట్టడంలో బలహీనులు. 224లో అర్దషీర్ ఆఖరి పార్థియన్ రాజుని చంపి ససానియన్ వంశాన్ని నిలబెట్టాడు. వీళ్లు వేరే రకం. సొరంగాలు తవ్వుతారు, మట్టి దిబ్బలు పోస్తారు, బురుజుల యంత్రాలు లాగుతారు, గోడలు కూలుస్తారు. 224కి ముందు ఒక రోమన్ కోట ఉందంటే చాలావరకు నిశ్చింత. తర్వాత ఆ నిశ్చింత పోయింది.

రోమ్ వైపు కూడా మార్పుంది. నాలుగో శతాబ్దం నుంచి కేంద్రం కాన్‌స్టాంటినోపుల్‌కి జరిగింది, మాట్లాడేది గ్రీకు, అయినా వాళ్లు తమని రోమన్లనే అనుకున్నారు. బైజాంటైన్ అన్నది తర్వాతివాళ్లు తగిలించిన పేరు. పేర్ల విషయంలో ఇంకో ముక్క: షాపూర్, సాపోర్ ఒకరే, ఖుస్రో, ఖోస్రో, కోస్రోస్ ఒకరే. ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకుంటే అయిపోతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి: మధ్యలో

అందరూ క్రాసస్‌తో మొదలుపెడతారు. డ్రామా ఉంది కాబట్టి. ఏడు లీజియన్లు (రోమన్ సైన్యంలో పెద్ద దళాలు), సురేనా అనే ముప్పై ఏళ్లు కూడా నిండని పార్థియన్ సేనాపతి, ఒంటెల మీద మోసుకొచ్చిన బాణాల కట్టలు, 20,000 మంది చనిపోయారనీ 10,000 మంది పట్టుబడ్డారనీ ప్లూటార్క్ చెప్పే లెక్క. బాగుంటుంది. కానీ దాన్నుంచి మిగతా 680 ఏళ్లు అర్థం కావు, ఎందుకంటే ఆ యుద్ధం ఒక ధనవంతుడి కీర్తి కండూతి వల్ల వచ్చింది, సరిహద్దు సమస్య వల్ల కాదు.

నా సలహా, 337 నుంచి 363 దాకా ఉన్న ముక్కతో మొదలుపెట్టండి. పర్షియా రాజు రెండో షాపూర్ ఒక వైపు, రోమన్ చక్రవర్తులు కాన్‌స్టాంటియస్, ఆ తర్వాత జూలియన్ ఇంకో వైపు. ఈ ముక్కలో ఒక లాభం ఉంది: అమ్మియానస్ అనే రోమన్ అధికారి స్వయంగా అక్కడున్నాడు. 359లో అమిదా కోటని షాపూర్ 73 రోజులు ముట్టడించినప్పుడు లోపలే ఉండి, ఊరు పడిపోయాక రాత్రి చీకట్లో తప్పించుకున్నాడు. దీని తర్వాత ఆరో శతాబ్దానికి రండి, అక్కడ చరిత్రకారుడు ప్రొకోపియస్ ఉన్నాడు, బెలిసారియస్ దగ్గర కార్యదర్శిగా పనిచేసినవాడు. ఈ రెండూ అయ్యాక వెనక్కి వెళ్లి క్రాసస్‌ని, చక్రవర్తులు ట్రాజన్, సెవెరస్‌లని చదవండి. 602లో మొదలైన చివరి యుద్ధం మాత్రం ఆఖరికి దాచుకోండి, దానికి కారణం కింద చెప్తాను.

ఒక ఊరిని పట్టుకోండి: నిసిబిస్

ఈ గైడ్‌లో ఒక్క ముక్కే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

నిసిబిస్ కొండల అంచున, మైదానం మొదలయ్యే చోట ఉంది. అది ఎవరి చేతిలో ఉంటే మధ్య దారి తాళం వాళ్ల చేతిలో ఉన్నట్టు. ట్రాజన్ దాన్ని పట్టుకున్నాడు, ఆయన పోయాక 117లో తర్వాతి చక్రవర్తి హేడ్రియన్ మెసొపొటేమియా (ఆ రెండు నదుల మధ్య నేల) అంతా వదిలేసి వెనక్కి వచ్చాడు. రెండో శతాబ్దం చివర సెప్టిమియస్ సెవెరస్ మళ్లీ తీసుకుని, ఇది సిరియాకి రక్షణ కవచం అని గొప్పగా చెప్పుకున్నాడు. దానికి అదే కాలపు చరిత్రకారుడు, స్వయంగా సెనేటర్ అయిన కాసియస్ డియో ఏమన్నాడో చూడండి: దాని నుంచి వచ్చేది తక్కువ, దాని మీద పెట్టే ఖర్చు ఎక్కువ, పైగా ఇంతకుముందు మనకి సంబంధం లేని జాతుల దాకా చెయ్యి చాపాం కాబట్టి వాళ్ల యుద్ధాలన్నీ మనవయ్యాయి అని. ఇది రాసిన తర్వాత ఇంకో 400 ఏళ్లు ఈ యుద్ధాలు సాగాయి. డియో మాట ఒక్కటీ పొల్లు పోలేదు.

మూడో శతాబ్దంలో ఊరు చేతులు మారుతూ వచ్చింది. 298లో రోమన్ పాలకుడు గలేరియస్ పర్షియా రాజు నర్సేని ఘోరంగా ఓడించాడు. రాజు భార్యలూ పిల్లలూ రోమన్ల చేతికి చిక్కారు. ఆ తర్వాత కుదిరిన ఒప్పందంలో టైగ్రిస్ అవతలి ఐదు ప్రాంతాలు రోమ్‌కి, ఆర్మీనియా రోమ్ నీడలోకి, రెండు సామ్రాజ్యాల మధ్య వ్యాపారం జరిగేది ఒక్క నిసిబిస్‌లోనే. తమాషా ఏంటంటే ప్రాంతాలు పోతున్నా నోరెత్తని నర్సే, ఈ వ్యాపారం షరతు మీద మాత్రం అభ్యంతరం చెప్పాడు. పట్టు మీద సుంకమంతా రోమన్ ఊళ్లో వసూలవుతుందంటే మరి మండదా. భార్యాబిడ్డలు అవతలివాళ్ల చేతిలో ఉన్నారు కాబట్టి చివరికి ఒప్పుకున్నాడు.

రెండో షాపూర్ ఆ ఊరి కోసం మూడుసార్లు ముట్టడి వేశాడు. 350లో అయితే పక్కనున్న నదికి అడ్డుకట్ట కట్టి నీళ్లని గోడల మీదకి వదిలాడు, గోడలో కొంత భాగం కూలింది, అయినా ఊరు లొంగలేదు. అలాంటి ఊరు 363లో ఒక్క బాణం వెయ్యకుండా పర్షియా చేతికి పోయింది. ఎలా అంటే, జూలియన్ టెసిఫోన్ దాకా వెళ్లి, పట్టలేక, పడవలు తగలబెట్టించి, వెనక్కి వస్తూ జూన్ 26న ఈటె దెబ్బకి చనిపోయాడు. సైన్యం ఎడారి ఎండలో తిండి లేకుండా మిగిలింది. కొత్తగా ఎన్నికైన జోవియన్, వెనక్కి ప్రాణాలతో పోనిస్తే చాలని ఐదు ప్రాంతాలు, 15 కోటలు, సింగారా అనే ఊరు, నిసిబిస్ రాసిచ్చేశాడు. ఊరి జనం "మీ సైన్యం వద్దు, మా ఊరిని మేమే కాపాడుకుంటాం, వదిలేయండి" అని కాళ్లా వేళ్లా పడ్డారు. ఒప్పుకోలేదు. మూడు రోజుల్లో ఖాళీ చెయ్యమన్నారు. సిరియాక్ భాషా కవి ఎఫ్రెమ్ ఆ ఊరివాడే, ఆయన చివరికి ఎడెస్సాలో స్థిరపడ్డాడు.

ఆ తర్వాత రోమన్లు దాన్ని మళ్లీ పట్టలేదు. 505లో చక్రవర్తి అనస్తాసియస్ ఆ కొరత తీర్చుకోవడానికి నిసిబిస్‌కి 30 కిలోమీటర్లలోపు దూరంలో, దారా అనే పల్లెని రాతికోటగా మార్చడం మొదలుపెట్టాడు. సరిహద్దు దగ్గర కొత్త కోటలు కట్టకూడదని అంతకుముందే ఒప్పందం ఉంది. పర్షియా రాజు కవాద్ వేరే చోట యుద్ధంలో మునిగి ఉన్న సమయం చూసి రెండేళ్లలో గోడలు లేపేశారు. ఇక ఇక్కడి నుంచి కథ దారా చుట్టూ తిరుగుతుంది: 530లో దాని గోడల ముందే బెలిసారియస్ గెలుపు, 573లో మొదటి ఖుస్రో చేతికి, 591లో వెనక్కి, 604లో మళ్లీ పర్షియాకి. ఈ రెండు ఊళ్ల తేదీలని ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకోండి. మ్యాప్ తర్వాత మీకు కావలసిన రెండో సాధనం అదే.

యుద్ధం కన్నా ముందు ఒప్పందం చదవండి

ఏ యుద్ధం తీసుకున్నా ముందు దాని చివరి సంధి చదివి, తర్వాత వెనక్కి వెళ్లి యుద్ధం చదవండి. ఉపన్యాసాల్లో ఇద్దరూ అలెగ్జాండర్ గురించి, పూర్వీకుల భూముల గురించి ఏవేవో చెప్పుకుంటారు. సంధి బల్ల దగ్గర కూర్చున్నప్పుడు అడిగినవే వాళ్లకి నిజంగా కావలసినవి.

63 నాటి ఏర్పాటు చూడండి. ఆర్మీనియా గద్దె మీద పార్థియన్ రాజవంశపు మనిషే కూర్చుంటాడు, కానీ కిరీటం రోమన్ చక్రవర్తి చేత్తో పెట్టించుకోవాలి. 66లో అలా రాజైన తిరిడేట్స్ అంత దూరం రోమ్‌కి వెళ్లి నీరో చేతుల మీదుగా కిరీటం పెట్టించుకున్నాడు. ఇద్దరి పరువూ నిలిచింది, దాదాపు 50 ఏళ్లు గడిచాయి. 114లో ట్రాజన్ దీన్ని తెంచి ఆర్మీనియాని తన రాష్ట్రం చేసుకున్నాక ఏమైందో పైన నిసిబిస్ దగ్గర చూశారు.

బంగారం లెక్కలు కూడా ఇక్కడే దొరుకుతాయి, వాటిని దాటేయకండి. 532లో చక్రవర్తి జస్టీనియన్ "శాశ్వత శాంతి" కోసం ఒకేసారి 11,000 పౌండ్ల బంగారం ఇచ్చాడు. రోమన్ పౌండ్ మన కిలోలో మూడో వంతుకి కొంచెం తక్కువ, అంటే దాదాపు 3,600 కిలోలు. శాశ్వతం అన్నది ఎనిమిదేళ్లు కూడా సాగలేదు, 540లో ఖుస్రో వచ్చి అంటియోక్‌ని తగలబెట్టి, జనాన్ని తీసుకెళ్లి టెసిఫోన్ దగ్గర వాళ్ల కోసం కొత్త ఊరు కట్టాడు. 562 సంధిలో పద్ధతి మారింది, ఏడాదికి 30,000 బంగారు నాణేలు. పౌండుకి 72 నాణేల చొప్పున 532లో ఇచ్చింది 7,92,000 నాణేలు. అంటే కొత్త రేటు ప్రకారం 26 ఏళ్లకి పైగా కడితే గానీ పాతదానికి సమానం కాదు. మరి ఈ చిన్న మొత్తం మీద ఎందుకంత రచ్చ? ఏటేటా ఇచ్చేది చూసేవాళ్లకి కప్పంలా కనిపిస్తుంది కాబట్టి. పర్షియా దాన్ని కప్పం అనే చెప్పుకుంది. రోమ్ మాత్రం, కాకసస్ కనుమల్లోంచి హూణులు దిగకుండా పర్షియా కాపలా కాస్తోంది కదా, ఆ ఖర్చులో మా వాటా అంది.

562 సంధి షరతులు మెనాండర్ అనే చరిత్రకారుడి రాతల వల్ల దాదాపు పూర్తిగా మిగిలాయి. ఒక్కటి చదివితే చాలు అనుకుంటే ఇదే చదవండి. కనుమల గుండా హూణులు, అలన్‌లు లాంటి తెగల్ని రానివ్వకూడదు. ఇద్దరి అరబ్ మిత్రులూ సంధికి కట్టుబడాలి. వర్తకులు సుంకం చౌకీలున్న దారుల్లోనే రావాలి, దొంగదారులు కుదరవు. రాయబారులు తెచ్చుకున్న సరుకు మీద సుంకం లేదు. దారా కోట ఉంచుకోవచ్చు, కానీ అందులో అవసరానికి మించి సైన్యం పెట్టకూడదు, తూర్పు సేనాధిపతి అక్కడ మకాం వెయ్యకూడదు. ఇది చదివాక రెండు సామ్రాజ్యాల మధ్య గొడవలు రోజువారీగా ఎలా ఉండేవో కళ్లకి కడుతుంది. స్మగ్లింగ్, పారిపోయి వచ్చినవాళ్లు, అదుపులో లేని మిత్రులు, పక్కింటి గోడ ఎత్తు. తొంభై శాతం ఇదే, మతమూ మహత్తర లక్ష్యాలూ పైపూత.

ఇప్పుడు పరీక్ష. ఈ 50 ఏళ్ల సంధి 572లో, అంటే పదేళ్లకే ఎందుకు తెగింది? షరతుల్లోకి వెళ్లండి: మొదటి ఏడేళ్ల బంగారం ముందే, తర్వాత మూడేళ్లది ఒకేసారి, ఆ పైన ఏటేటా. పదేళ్లు నిండగానే ఏటేటా కట్టే మొదటి వాయిదా వచ్చింది. జస్టీనియన్ తర్వాత చక్రవర్తి అయిన జస్టిన్ కట్టనన్నాడు. అప్పటికే పర్షియాకి అటుపక్కనున్న తుర్కుల దగ్గర్నుంచి రాయబారులు వచ్చి స్నేహం కలిపారు, పర్షియా చేతిలోని ఆర్మీనియాలో తిరుగుబాటు లేచి వాళ్లు రోమ్ సాయం అడిగారు. ఇంక ఆగుతాడా. నిసిబిస్ మీదకి సైన్యం పంపాడు, అది పట్టకపోగా 573లో దారా పోయింది, ఆ వార్త విని మనిషికి మతి చలించింది.

వీపు వెనక ఎవరున్నారు

పైన తుర్కుల సంగతి చూశారు కదా, అది ప్రతి యుద్ధానికీ అడగాల్సిన ప్రశ్న. రోమ్‌కి డాన్యూబ్ నది సరిహద్దు ఉంది, పర్షియాకి మధ్య ఆసియా ఉంది. రెండింటిలో ఎవరికి అటు మంట ఉంటే వాళ్లు ఇటు సంధి కోరతారు. ఐదో శతాబ్దం దాదాపు ప్రశాంతంగా గడవడానికి కారణం సద్బుద్ధి కాదు. రోమ్‌కి హూణులు, గోత్‌లు, పర్షియాకి మధ్య ఆసియాలోని హెఫ్తలైట్లు అనే జాతి. పేరోజ్ అనే షా 484లో వాళ్ల మీదకి వెళ్లి సైన్యంతో సహా అక్కడే చచ్చిపోయాడు. 502లో కవాద్ మళ్లీ యుద్ధం మొదలుపెట్టింది కూడా ఆ హెఫ్తలైట్లకి ఇవ్వాల్సిన డబ్బు కోసమే, అనస్తాసియస్‌ని అప్పు అడిగాడు, ఆయన ఇవ్వలేదు.

ఒక్కోసారి వీపు వెనక శత్రువే మిత్రుడై వస్తాడు. షాపూర్ 350 తర్వాత కొన్నేళ్లు రోమ్ జోలికి రాలేదంటే తూర్పున కియోనైట్లు అనే జాతితో తలపడుతున్నాడు. వాళ్లతో రాజీ పడి, వాళ్ల రాజు గ్రుంబేట్స్‌నే వెంటబెట్టుకుని 359లో అమిదాకి వచ్చాడు. మొదట్లోనే గోడ మీద నుంచి వచ్చిన దెబ్బకి గ్రుంబేట్స్ కొడుకు చనిపోయాడు, ఇక ఆ ఊరిని దాటి ముందుకి పోవడం అన్న మాటే లేకుండా పోయింది. 73 రోజులు అక్కడే. ఒక కుర్రాడి చావు వల్ల ఆ ఏడాది దండయాత్ర అంతా ఒక్క ఊరి దగ్గర ఆగిపోయిందని చెప్పినా పెద్ద తప్పు కాదు.

ఎవరు చెప్తున్నారో చూసుకోండి

మనకి మిగిలిన రాతల్లో ఎక్కువ భాగం లాటిన్, గ్రీకు, సిరియాక్. పర్షియా వైపు గొంతు చాలా తక్కువ, అందుకే వినిపించిన చోట చెవులు రిక్కించాలి. ఇరాన్‌లోని నక్ష్-ఎ-రోస్తమ్‌లో మొదటి షాపూర్ మూడు భాషల్లో చెక్కించిన శాసనం అలాంటిది. 244 సంగతి తీసుకోండి. చాలామంది రోమన్ రచయితలు కుర్ర చక్రవర్తి గోర్డియన్ చావుకి సొంత మనిషి ఫిలిప్ కుట్ర కారణమన్నారు, మిసికే అనే చోట షాపూర్‌తో యుద్ధం జరిగిందన్న మాటే ఎత్తరు. షాపూర్ శాసనం మిసికే దగ్గర గోర్డియన్ చనిపోయాడు, ఫిలిప్ 5,00,000 దీనార్లు ఇచ్చి బతిమాలుకున్నాడు అంటుంది. ఎవరిది నిజం అని తేల్చేయాలన్న తొందర వద్దు. నోట్సులో రెండూ పక్కపక్కన రాసుకోండి, ఎవరికి ఏది చెప్పుకోవడం లాభమో కింద ఒక లైను రాయండి.

వలేరియన్ విషయమూ అంతే. 260లో ఎడెస్సా దగ్గర షాపూర్‌కి బందీగా దొరికాడు, రోమన్ చక్రవర్తి శత్రువు చేతికి చిక్కడం అదే మొదటిసారి. ఆయన్ని షాపూర్ గుర్రం ఎక్కడానికి మెట్టులా వాడుకున్నాడు, చచ్చాక తోలు ఒలిపించాడు అని ఇంటర్నెట్ నిండా ఉంటుంది. అది చెప్పినవాడు లాక్టాన్షియస్, క్రైస్తవుడు. వలేరియన్ క్రైస్తవుల్ని హింసించిన చక్రవర్తి. దేవుడు వాడికి తగిన శాస్తి చేశాడని చూపించడమే ఆయన రాసిన పుస్తకం ఉద్దేశం. షాపూర్ చెక్కించిన శిల్పాల్లో మాత్రం షా గుర్రం మీద కూర్చుని వలేరియన్ మణికట్టు పట్టుకుని ఉంటాడు, తొక్కడాలూ ఒలవడాలూ లేవు.

కళ్లారా చూసినవాడు చెప్పినా జాగ్రత్తే. అమిదాలో రోమన్ల శవాలు నాలుగు రోజుల్లో కుళ్లిపోయాయి, పర్షియన్ల శవాలు మాత్రం చెట్టు మానుల్లా ఎండిపోయాయి అని అమ్మియానస్ తొణక్కుండా రాశాడు! సైన్యాల అంకెలు అంతకన్నా నమ్మకండి. మనుషుల సంఖ్య కన్నా రోజుల సంఖ్య, ఊళ్ల పేర్లు, కట్టిన బంగారం ఎక్కువ నమ్మదగినవి.

మట్టిలోంచి వచ్చిన సాక్ష్యం ఇంకా మంచిది. యూఫ్రటీస్ ఒడ్డున సిరియాలో ఉన్న దురా యూరోపస్ 256 ప్రాంతంలో ససానియన్ల చేతిలో పడిపోయింది, ఆ తర్వాత అక్కడ ఎవరూ ఊరు కట్టుకోలేదు. గోడ కింద వాళ్లు తవ్విన సొరంగం, దానికి ఎదురుగా రోమన్లు తవ్విన సొరంగం, రెండూ కలిసిన చోట రోమన్ సైనికుల అస్థిపంజరాలు గుట్టగా అలాగే దొరికాయి. గంధకం, తారు మండించి విషపు పొగ పెట్టి చంపారన్న వాదన కూడా ఉంది. రంగులేసిన డాళ్లు, గుర్రాల కవచాలు కూడా అక్కడే బయటపడ్డాయి. పార్థియన్ల ఇనుప గుర్రపు రౌతుల గురించి ఎన్ని వీడియోలు చూసినా ఆ గుర్రం కవచం ఫోటో ఒక్కటి చూస్తే వచ్చే అవగాహన రాదు.

చివరి యుద్ధం వేరేగా

602లో ఫోకాస్ అనే అధికారి తిరుగుబాటు చేసి మారిస్ చక్రవర్తిని, కొడుకుల్ని చంపించాడు. అంతకు 11 ఏళ్ల ముందు, గద్దె పోగొట్టుకుని పారిపోయి వచ్చిన రెండో ఖుస్రోకి సైన్యమిచ్చి మళ్లీ రాజుని చేసింది ఈ మారిసే. ఆ రుణం పేరు చెప్పి ఖుస్రో దండెత్తాడు. దీన్ని చివరికి దాచుకోమన్నది ఎందుకంటే పైన చెప్పిన సూత్రాలన్నీ ఇక్కడ తెగిపోతాయి. అప్పటిదాకా ఊళ్లు దోచి, బంగారం పట్టుకుని వెళ్లిపోయేవాళ్లు ఈసారి వెళ్లలేదు. 614లో జెరూసలేం, 619కల్లా అలెగ్జాండ్రియా. ఈజిప్టు ధాన్యం ఆగిపోయేసరికి కాన్‌స్టాంటినోపుల్‌లో జనానికి ఉచితంగా ఇచ్చే రొట్టె నిలిచిపోయింది. ఫోకాస్ తర్వాత చక్రవర్తి అయిన హెరాక్లియస్ చర్చిల వెండి కరిగించి, "దేవా, రోమన్లని కాపాడు" అని రాసి ఉన్న నాణేలు కొట్టించాడు. ప్రభుత్వం తన నాణెం మీద ఇలా రాసుకుందంటే పరిస్థితి అర్థం చేసుకోండి.

626లో ఒకవైపు అవార్లు అనే సంచార జాతి, ఇంకోవైపు పర్షియన్లు రాజధానిని ముట్టడించారు, గోడలూ నౌకాదళమూ కాపాడాయి. హెరాక్లియస్ మాత్రం ఊళ్లో లేడు, కాకసస్ వైపు ఉన్నాడు. తుర్కుల సాయం తీసుకుని ఉత్తరం నుంచి దిగి 627 డిసెంబరులో నినెవే దగ్గర గెలిచాడు. రెండు నెలలు తిరగ్గానే ఖుస్రోని కొడుకు రెండో కవాద్ దించేశాడు. మీ చేతి మ్యాప్‌లో చూడండి: ఇదీ మొదటి దారే, ఆర్మీనియా కొండల దారి. సరిహద్దు మళ్లీ పాత చోటికే వచ్చింది. ఇద్దరూ కొట్టుకుని నీరసించడం వల్లే అరబ్బులు గెలిచారన్న మాట సగమే నిజం. 628 తర్వాత పర్షియాలో నాలుగేళ్లపాటు గద్దె మీద ఎవరూ నిలవలేదు, కవాద్ కూడా కొన్ని నెలలకే పోయాడు. ఆ అరాచకాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇప్పుడు మీరే ప్రయత్నించండి

ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక యుద్ధం ఇస్తాను, 421–422. మ్యాప్ ముందు పెట్టుకుని నాలుగు ప్రశ్నలు వేయండి. ఆర్మీనియా ఎవరిది, నిసిబిస్ ఎవరి చేతిలో ఉంది, వీపు వెనక మంట ఎవరికి, సంధిలో ఏం రాసుకున్నారు. ఆర్మీనియా అప్పటికే 387 ప్రాంతంలో రెండు ముక్కలై, పెద్ద ముక్క పర్షియాకి పోయింది, కాబట్టి గొడవ దాని మీద కాదు. పర్షియాలో క్రైస్తవుల మీద హింస మొదలై కొందరు రోమ్ వైపు పారిపోయి వచ్చారు, తిరిగి పంపమంటే రోమ్ పంపలేదు. నిసిబిస్ పర్షియా చేతిలో ఉంది కాబట్టి రోమన్లు వెళ్లి ముట్టడించింది దాన్నే, పర్షియా రాజు ఐదో బహ్రామ్ సైన్యంతో రాగానే ముట్టడి ఎత్తేశారు. 422లో హూణులు కాన్‌స్టాంటినోపుల్ పక్కనున్న థ్రేస్‌లోకి దిగారు, అంటే వీపు వెనక మంట రోమ్‌కి. అదే ఏడాది సంధి, సరిహద్దు ఎక్కడిదక్కడే. ఈ జవాబులు చూడకుండా మీకే తట్టి ఉంటే నేరుగా ప్రొకోపియస్ దగ్గరికి వెళ్లొచ్చు. లేకపోతే మ్యాప్‌లో నిసిబిస్ సరైన చోట పెట్టారో లేదో ఒకసారి చూసుకోండి, చాలామంది దాన్ని యూఫ్రటీస్ ఒడ్డున పెట్టేస్తారు.